పాత బిల్డింగ్ డ్రాయింగులు: ట్రేసింగ్ క్లాత్ సాపు చేసేదెలా, ఏ0 స్కానింగ్ ఎక్కడ?

హనుమకొండలో 180 దాకా పాత డ్రాయింగు చుట్టలున్నాయి. ట్రేసింగ్ క్లాత్ (డ్రాయింగులు గీసే పల్చటి గుడ్డ), బ్లూప్రింట్లు (నీలం నేల మీద తెల్ల గీతల నకళ్లు), అమ్మోనియా ప్రింట్లు (అమ్మోనియా ఆవిరితో తీసిన నకళ్లు) అన్నీ కలగలిసి. ముందు వాటిని విడదీస్తున్నాం, ఎందుకంటే అమ్మోనియా ప్రింట్లు పక్కవాటికి మరకలు అంటిస్తాయి. బ్లూప్రింట్లకు క్షారం పడదు, నీలం వెలిసిపోతుంది. అందుకే మధ్యలో కాల్షియం కార్బొనేట్ (ఇదీ క్షారమే) కలిపిన యాసిడ్ ఫ్రీ కాగితం పెట్టడం లేదు.

చిక్కల్లా ట్రేసింగ్ క్లాత్‌తోనే. దాని మీద ఉన్నది గంజి పూత. తడి తగిలిందా, పూత కరిగి సిరా గీత చెదిరిపోతుంది. పొడిగానే బ్లాటింగ్ కాగితాల మధ్య వారం రోజులు బరువు పెడితే నడిమి భాగం సాపయింది, అంచులు మాత్రం బీడీ ఆకులా మళ్లీ ముడుచుకుంటున్నాయి. ఇంకేం చేయొచ్చు? వానాకాలం గాలిలో తేమ ఉన్నప్పుడే విప్పాలా, ఆగాలా?

రెండోది స్కానింగ్. ఏ0 షీటు (841×1189 మి.మీ.) 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), రంగుల్లో, కుదించని టిఫ్ ఫైలు అయితే ఒక్కోటి సుమారు 420 ఎంబీ. హార్డ్ డిస్కుల సంగతి మేం చూసుకుంటాం. రోలర్ల మధ్య లాగే స్కానర్ మాత్రం వద్దు, పాత సెల్లోటేపు దగ్గర పట్టేసి షీటు చిరుగుతుంది. పైనుంచి ఫొటో తీసే స్టాండ్ గానీ పెద్ద ఫ్లాట్‌బెడ్ (షీటును అద్దం మీద పరిచి తీసే స్కానర్) గానీ వరంగల్, కరీంనగర్ వైపు అద్దెకు దొరుకుతుందా?

నకళ్లు అందరికీ అందుబాటులో పెట్టాలి. గీసినవారు పోయాక కూడా 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది కాబట్టి, వారసుల నుంచి తీసుకునే అనుమతి పత్రానికి తెలుగు నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే పంపగలరా?