సాక్షులు పోయాక, గ్రహాంతరవాసులు అపహరించారన్న కేసులను తవ్వితే దొరికేది ఏమిటి?

కావలి మాస్టారు:
బెట్టీ, బార్నీ హిల్ దంపతుల సంగతి చాలామందికి తెలిసిందే. 1961 సెప్టెంబరు 19 రాత్రి కెనడా నుంచి అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో ఉన్న ఇంటికి కారులో వస్తుంటే ఆకాశంలో ఒక వెలుగు వెంటపడింది. ప్రయాణంలో రెండు గంటలకు లెక్క తేలలేదు. 1964లో బోస్టన్ మానసిక వైద్యుడు బెంజమిన్ సైమన్ హిప్నాటిజం చేస్తే, గ్రహాంతరవాసులు తమను ఎత్తుకుపోయారని ఇద్దరూ చెప్పారు. బార్నీ 1969లో పోయాడు, బెట్టీ 2004లో పోయింది. ఇక అడగడానికి ఎవరున్నారు? ఇలాంటి కేసుల మీద ఇప్పుడు జరిగేది పరిశోధన కాదు, పాత పుస్తకంలోని మాటలను కొత్త పుస్తకంలోకి ఎక్కించడమే. కాదనేవారు ముందుకు రండి.

కందుకూరు పొగాకు:
నేను కాదంటాను మాస్టారూ. మా తాత పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర రాత్రంతా పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ కూర్చునేవాడు. ఒక రాత్రి చేలమీద వెలుగు చూశాడట. మా నాన్న చెప్పేటప్పటికి అది తాటిచెట్టంత అయింది. మా చిన్నాన్న చెప్పినప్పుడు తాతను పేరు పెట్టి పిలిచింది. ఎవరూ కాగితం మీద పెట్టలేదు కనుక ఏ ముక్క ఎప్పుడు చేరిందో ఎవరికీ తెలియదు. హిల్ దంపతులది అలా కాదు. రెండు రోజులలోపే వైమానిక స్థావరానికి ఫోను చేశారు. ఆ నివేదికలో వెలుగు ఉంది, వస్తువు ఉంది, అపహరణ లేదు. తరువాత బెట్టీకి కలలు వచ్చాయి. ఆ నవంబరులో వాటిని రాసుకుంది. హిప్నాటిజం ఆ తరువాతి మాట. సాక్షి లేకపోయినా ఈ వరుస మిగిలింది కదా? మా తాత కథకు అదే లేదు.

ఒంగోలు వకీలు:
వరుస ఉంది, ఒప్పుకుంటాను. కానీ లోకం నమ్మింది చివరి కాగితాన్నే. సైమన్ స్వయంగా అపహరణను నమ్మలేదు. బెట్టీ కలలు విని విని బార్నీ తన జ్ఞాపకంగా చేసుకున్నాడని ఆయన అభిప్రాయం. హిప్నాటిజంలో గుర్తొచ్చిన మాట మామూలు జ్ఞాపకం కంటే నమ్మదగినది కాదని 1985లో అమెరికన్ వైద్య సంఘం నివేదిక తేల్చింది. అయినా తరువాతి పరిశోధకులు పాత సాక్షులను వెతికి పట్టుకుని మళ్ళీ అదే చేశారు. నాకు కోపం అక్కడే. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ 1974లో ఒకే కారు ప్రమాదం సినిమాను చూపించి, కార్లు 'తాకినప్పుడు' వేగమెంత, 'గుద్దుకున్నప్పుడు' వేగమెంత అని వేర్వేరుగా అడిగితే, మాట మారినంత మాత్రాన జవాబులోని వేగం మారింది. ఆ రాత్రి బెట్టీ కట్టుకున్న గౌను విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉందంటారు. ముందు ఎన్నేళ్లు ఇంటి బీరువాలో వేలాడింది? అలాంటి వస్తువును కోర్టుకు తీసుకువెళితే జడ్జిగారు కళ్ళజోడు తీసి నా వంక చూస్తారు.

కావలి మాస్టారు:
వకీలుగారు నా వైపే మాట్లాడుతున్నట్టున్నారు. ఇంకొకటి కలుపుతాను. బార్నీ హిప్నాటిజంలో కణతల దాకా సాగిన కళ్ళను వర్ణించాడు. దానికి 12 రోజుల ముందే అలాంటి కళ్ళున్న జీవి ఒక టీవీ ధారావాహికలో కనిపించింది. తాము అది చూడలేదని బెట్టీ అన్నది. ఆ రాత్రి ఆ ఇంట్లో టీవీ పెట్టారో లేదో అరవై ఏళ్ల తరువాత ఎవరు తేలుస్తారు? అవునన్నా కాదన్నా రుజువు లేదు. నేను ఆగిపోయేది ఈ గోడ దగ్గరే.

నెల్లూరు పెన్న:
ప్రభుత్వ కాగితాలూ అంతే. అమెరికా వైమానిక దళం ఆకాశంలో వింత వస్తువులు చూశామన్నవారి నివేదికలను బ్లూ బుక్ పేరుతో 12,618 దాకా పోగుచేసి 1969లో మూసేసింది. 701 తేలలేదు. జనానికి ఇచ్చిన మైక్రోఫిల్ములో సాక్షుల పేర్లు కొట్టేశారు. గోప్యత న్యాయమే, కానీ ఆ సాక్షిని వెతికేది ఎలా? మన దగ్గర నయం. శ్రీహరికోటలో మునిమాపు వేళ రాకెట్ లేస్తే నెల్లూరు మేడల మీది నుంచే కనిపిస్తుంది, తేదీ పేపర్లో ఉంటుంది. 'ఆకాశంలో ఏదో చూశాను' అన్నవాడిని తేదీ చెప్పమంటే సగం తేలిపోతుంది.

కందుకూరు పొగాకు:
ఈ చర్చ చదివి నిన్న మా అత్తయ్య దగ్గరకు వెళ్లాను. ఎనభై దాటింది. తాత కూతుళ్లలో మిగిలింది ఆవిడే. "వెలుగా? ఆ రాత్రి మన బ్యారన్ అంటుకుందిరా. పైకప్పు లేచిపోయింది. మీ తాత ఆ నష్టం చెప్పుకోలేక వెలుగు చూశానన్నాడు" అంది. చూశారా మాస్టారూ, అడిగితే దొరికింది.

ఒంగోలు వకీలు:
అత్తయ్యగారిని ఏమని అడిగారు?

కందుకూరు పొగాకు:
"అత్తయ్యా, ఆ వెలుగు మంట కాదు కదా?" అని.

కావలి మాస్టారు:
అయ్యో.