సొంత భూమిలోని మట్టికట్ట: ఈతకు, పడవకు వాడుకోవచ్చా?

ప్రశ్న

ఇటీవల మా చేతికి వచ్చిన భూమిలో వాగుకు అడ్డంగా వేసిన పాత మట్టికట్ట ఒకటి ఉంది. ఎత్తు సుమారు 6 మీటర్లు. అడుగున ఇనుప గొట్టంతో కట్టిన తూము, ఒక పక్కన మిగులు నీరు పొర్లిపోయే, గడ్డి పెరిగిన అలుగు ఉన్నాయి. కుటుంబ సభ్యులు, మిత్రులు ఈదడానికి, చిన్న పడవ నడపడానికి, చేపలు పట్టుకోవడానికి ఈ నీటిని వాడుకోవాలని మా ఆలోచన. చేపలు కొట్టుకుపోకుండా అలుగుకు ఇనుప వల బిగించి, మట్టం ఎప్పుడూ నిండుగా ఉండేలా అలుగు మీద ఒక అడుగు ఎత్తున చెక్కలు నిలపాలనుకుంటున్నాము. అయితే తూము గొట్టం బయటికి వచ్చే చోట నేల ఎప్పుడూ తడిగానే ఉంటోంది. వెలుపలి వాలు మీద పెద్ద చెట్లు కూడా ఉన్నాయి. వీటిలో దేనికి ఆందోళన చెందాలో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

మీరు అడిగిన తడి కంటే, మీరు చేయబోతున్న పని నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. కట్ట పైఅంచుకూ అలుగు మట్టానికీ మధ్య వదిలిన ఎత్తు వృథాగా వదిలినది కాదు. భారీ వరద వచ్చినప్పుడు నీరు కట్ట మీదుగా పొర్లకుండా అలుగు మీదుగా పోవడానికి ఉంచినది. చెక్కలు పెడితే ఆ ఎత్తూ తగ్గుతుంది, అలుగు మోయగల ప్రవాహమూ తగ్గుతుంది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లడం మొదలైతే వెలుపలి వాలు కోసుకుపోయి గండి పడటానికి ఎంతో సేపు పట్టదు.

వల సంగతికి చరిత్రలోనే ఉదాహరణ ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ కట్ట ఒక విహార క్లబ్బు చేతిలో ఉండేది. బండ్లు సులువుగా నడవడానికి కట్ట పైభాగాన్ని కొంత తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకు ఇనుప జాలీలు పెట్టారు. అడుగున నీరు వదిలే గొట్టాలను అంతకు ముందే ఎవరో తీసివేస్తే మళ్ళీ అమర్చలేదు. 1889 మే 31న కుండపోత వానకు ఆ జాలీలకు చెత్త అడ్డుపడింది, నీరు కట్ట మీదుగా పొర్లింది, కట్ట తెగింది. దిగువన జాన్స్‌టౌన్‌లో 2,200 మందికి పైగా చనిపోయారు. వినోదం కోసం చేసిన మార్పులే అక్కడ కట్ట బలహీనతలయ్యాయి. కొన్ని చేపలు పోతే పోనివ్వండి.

ఇక తడి విషయం. ఊట లేని మట్టికట్ట ఉండదు కనుక దాన్ని చూసి బెదరనక్కరలేదు. కానీ అది గొట్టం వెంట వస్తోందంటే జాగ్రత్త అవసరం. గొట్టం కింది భాగంలో మట్టిని గట్టిగా దిమ్మిస చేయడం కష్టం, పైగా పాత ఇనుము తుప్పుపట్టి చిల్లులు పడుతుంది. ఊట నీటిని గాజు సీసాలో పట్టి కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే కట్ట లోపలి మట్టి బయటికి పోతోందన్నమాట. చిన్న కాలువ తీసి, ఒక బకెట్టు నిండటానికి పట్టే సమయాన్ని, అప్పటి చెరువు మట్టాన్ని పక్కపక్కన రాసుకోండి. మట్టం పెరగకుండానే ఊట పెరిగినా, మురికిగా మారినా వెంటనే ఇంజనీరును పిలవాలి. 1976 జూన్ 5న అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఉన్న టీటన్ మట్టి ఆనకట్టలో ఉదయం ఊట కనిపించగా, మధ్యాహ్నం కాకముందే గండి పడింది. అది మీ కట్ట కంటే ఎన్నో రెట్లు పెద్దదే అయినా, లోపలి కోత, అంటే ఊట నీరు కట్ట లోపలి మట్టిని కొట్టుకుపోవడం, సాగే తీరు ఒకటే.

రెండవ సమాధానం

పై మాటలతో ఏకీభవిస్తూ, ఈత గురించి నాకు తెలిసినది చేరుస్తున్నాను. అన్నిటి కంటే ప్రమాదకరమైన చోటు తూము నోరు. 3 మీటర్ల లోతులో 30 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టం తెరిచి ఉండగా మనిషి శరీరం దానికి అడ్డుపడితే, 200 కిలోలకు మించిన బలం అతన్ని అక్కడే అదిమిపెడుతుంది. ఎంతటి ఈతగాడైనా విడిపించుకోలేడు, పైనున్నవారు లాగలేరు. కాబట్టి నీటిలో ఒక్కరున్నా తూము తెరవకూడదు. తలుపు తిప్పే చక్రానికి తాళం వేసి ఉంచండి. తూము నోటికి పెద్ద పంజరం లాంటి జాలీ అమర్చి, దాని చుట్టూ తేలే తాడు కట్టి హద్దు చూపాలి. అలుగు పారుతున్నప్పుడు ఈతగానీ పడవగానీ అసలే వద్దు.

కట్ట లోపలి వాలు నీటి కింద ఒక్కసారిగా లోతవుతుంది కనుక పిల్లలను అటు నుంచి దిగనివ్వకండి. ఎగువన నిదానంగా లోతయ్యే ఒడ్డును ఎంచుకుంటే కట్టకూ మంచిది: ఒకే చోట పదే పదే దిగితే గడ్డి చచ్చి, ఆ బాట వెంట వాన నీరు వాలును కోస్తుంది. ఇంజను పడవ లేపే అలలూ లోపలి వాలును తింటాయి. తెడ్ల పడవ చాలు, ఎక్కినవారందరికీ లైఫ్ జాకెట్ తప్పనిసరి. నీటి మీద ఆకుపచ్చ తెట్టు కట్టినప్పుడు, అది విషపూరిత నాచు కావచ్చు కనుక, మనుషులనూ కుక్కలనూ దూరంగా ఉంచండి.

ప్రశ్న అడిగినవారు

వల, చెక్కల ఆలోచన మానుకున్నాము. తనిఖీ కోసం తూము పూర్తిగా తెరిచి నీరంతా వదిలేసి, చెట్లను వేళ్ళతో సహా పెకిలించవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

రెండూ ఆ విధంగా చేయకండి. నీటిమట్టం హఠాత్తుగా తగ్గితే లోపలి వాలులోని మట్టి ఇంకా నానే ఉంటుంది, దాన్ని ఆనుకొని నిలిపే నీరు మాత్రం పోతుంది. అప్పుడు వాలు జారిపోవచ్చు. అత్యవసరం కానప్పుడు రోజుకు ఒక అడుగుకు మించకుండా దించడం మేలు, అదీ ఇంజనీరు కట్టను చూసిన తరువాత. లేత మొక్కలను ఇప్పుడే కొట్టేయవచ్చు. పెద్ద చెట్ల వేళ్ళు కుళ్ళితే లోపల దారులు ఏర్పడతాయి కనుక మొద్దులు తీయక తప్పదు, కానీ మట్టం దించాకే తవ్వి, ఆ గుంతలను పొరలు పొరలుగా దిమ్మిస చేసి పూడ్చాలి. నిండు చెరువు కింద కట్టను తవ్వడం అంటే గండికి మీరే దారి తీయడం.

చిన్న కట్ట, పైగా సొంతది అని తేలికగా తీసుకోకండి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కెల్లీ బార్న్స్ కట్ట ఎత్తు దాదాపు 12 మీటర్లే. విద్యుత్తు కోసం కట్టినది, తరువాత విహార సరస్సుగా మిగిలింది. 1977 నవంబరు 6న అర్ధరాత్రి దాటాక అది తెగి 39 మంది చనిపోయారు. దర్యాప్తులో కచ్చితమైన ఒకే కారణం తేలలేదు. నిటారైన వెలుపలి వాలు జారడం, లోపలి కోత వంటివి సంభావ్య కారణాలుగా చెప్పారు. మీ కట్ట దిగువన వాగు వెంట నడిచి చూసి, ఏ ఇళ్ళు, ఏ దారులు నీటి దారిలో ఉన్నాయో రాసి పెట్టుకోండి. ఊట మురికిగా మారినా, నీటి మీద సుడి కనిపించినా ఇంజనీరు కంటే ముందుగా ఫోన్ చేయవలసింది ఆ ఇళ్ళవారికే.