డిగ్రీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్: చేర్పించాలా, వద్దా?

బైపీసీ నాన్న:
మా అమ్మాయికి నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ వద్దంటోంది. డిగ్రీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మేజర్‌గా తీసుకుంటానంటోంది. మా బావమరిదేమో "మొక్కలు నాటడానికి డిగ్రీ ఎందుకు బావా" అని అందరి ముందూ నవ్వేశాడు. ఈ లైన్‌లో ఉన్నవాళ్లు చెప్పండి.

ల్యాబ్‌కోటు:
ఆయన్ని అనుకుని లాభం లేదు సార్. పర్యావరణం అందరికీ నేర్పాలని 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత అన్ని గ్రూపులకూ ఈవీఎస్ పేపరొచ్చింది. ముందురోజు రాత్రి చదివి పాసైనవాళ్లమే అందరం, అందుకే ఈ చులకన. నేను ఇందులోనే ఎమ్మెస్సీ చేసి తొమ్మిదేళ్లుగా టెస్టింగ్ ల్యాబ్‌లో ఉన్నాను. మా పని మొక్కలతో కాదు, సీసాలతో. ఫ్యాక్టరీ నీళ్లు పల్చన చేసి, గాలి బుడగ లేకుండా సీసాలో నింపి, 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచుతాం. తర్వాత టైట్రేషన్. స్టార్చ్ నీలం పోయే ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి జారిందా, మళ్లీ మూడు రోజులు. కెమిస్ట్రీ పట్టు లేనివాళ్లు ఇక్కడ నిలబడలేరు. డిగ్రీ కెమిస్ట్రీలో చేయించండి, ఇది పీజీలో చూసుకోవచ్చు.

దుమ్ముచొక్కా:
నేనొప్పుకోను. ఓ ప్రాజెక్టు వస్తే పర్యావరణం మీద ఏ ప్రభావం పడుతుందో ముందే అంచనా వేయడాన్ని ఈఐఏ అంటారు. 2006 ఈఐఏ నోటిఫికేషన్ కింద ఆ రిపోర్టు రాయాలంటే గాలి, నీళ్లు, నేల, పక్షులు, జనం అన్నిటి మీదా అవగాహన ఉండాలి. నేను బీఎస్సీలో ఇదే చదివాను. ఒకసారి ప్రజాభిప్రాయ సేకరణలో ఓ పెద్దాయన లేచి, "మూడేళ్ల కింద మా బోరు నీళ్లెలా ఉండేవో రాశావా బాబూ?" అన్నాడు. మా టీంలో కెమిస్ట్రీ వాళ్లు కాగితాలు తిరగేశారు. మేం కొలిచింది ఒక్క సీజనే.

ల్యాబ్‌కోటు:
మరి మీరేం చెప్పారు?

దుమ్ముచొక్కా:
ఏం చెప్తానండీ. ఆ ప్రశ్న మినిట్స్‌లో రాయించాను.

నోటిఫికేషన్ల నిరీక్షణ:
గవర్నమెంటు జాబ్ ఆశ ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. పొల్యూషన్ బోర్డులో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్ అని పోస్టుంటుంది. పేరు చూసి మోసపోకండి, దానికి ఇంజనీరింగ్ డిగ్రీ కావాలి. ఈ బీఎస్సీ పనికిరాదు.

బైపీసీ నాన్న:
అందరికీ థ్యాంక్స్. కెమిస్ట్రీ మేజర్, ఇది మైనర్‌గా ఇచ్చే కాలేజీ ఉందేమో వెతుకుతున్నాం. అమ్మాయి మీ మాటలన్నీ చదివింది. ఆ సీసాలో మూడు రోజులు ఏం జరుగుతుందని అడుగుతోంది.

ల్యాబ్‌కోటు:
బ్యాక్టీరియా మురికిని తింటూ నీళ్లలో ఆక్సిజన్ వాడేస్తుంది. ఎంత వాడితే అంత మురికి. అదే బీవోడీ. వాగులోకి వదిలే నీళ్లలో లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు.

బైపీసీ నాన్న:
దాటితే రిపోర్టులో ఎంత రాస్తారని అడుగుతోంది.

ల్యాబ్‌కోటు:
వచ్చిందే రాస్తాం తల్లీ. వచ్చే నెల నుంచి ఆ ఫ్యాక్టరీ శాంపిల్ వేరే ల్యాబ్‌కి పోతుంది.