ఓజార్క్ ట్రెయిళ్ళకు ఫుల్ సస్పెన్షన్ ఈ-మౌంటెన్ బైకు: కొనే ముందు ఎలా పరీక్షించాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, ఓజార్క్ కొండల ప్రాంతంలోని బెంటన్‌విల్‌లో ఉంటున్నాను. వారాంతాల్లో స్లాటర్ పెన్, కోలర్ ట్రెయిళ్ళలోనూ, వీలైనప్పుడు బెల్లా విస్టాలోని బ్యాక్ 40 ట్రెయిల్‌లోనూ హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న) సైకిలు తొక్కుతాను. వయసు 46, బరువు 78 కిలోలు. మోకాలి నొప్పి వల్ల నిటారుగా ఉన్న చోట దిగి నడవవలసి వస్తోంది, రాళ్ళ మీదుగా దిగేటప్పుడు నడుముకు కుదుపు బాగా తెలుస్తోంది. అందువల్ల ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న ఈ-బైకు కొనాలనుకుంటున్నాను. బడ్జెట్ 6,000 డాలర్లు.

రెండు బైకులు చూశాను. మొదటిదాని మోటారు టార్క్ (తిప్పే బలం) 85 న్యూటన్ మీటర్లు, బ్యాటరీ 750 వాట్-అవర్లు, ట్రావెల్ (సస్పెన్షన్ మీద చక్రం కదలగల దూరం) ముందు 160, వెనక 150 మి.మీ., బరువు 24 కిలోలు. రెండోదానికి 55 న్యూటన్ మీటర్ల తేలికపాటి మోటారు, 400 వాట్-అవర్ల బ్యాటరీ, ముందు 150, వెనక 140 మి.మీ. ట్రావెల్ ఉన్నాయి, బరువు 19 కిలోలు. షాపు బయట పార్కింగ్ స్థలంలో తొక్కితే మొదటిదే బాగుందనిపించింది. ఆ అనుభవాన్ని నమ్మి కొనవచ్చా? ఇంకా ఏమేమి చూడాలి?

మొదటి సమాధానం

పార్కింగ్ స్థలంలో ఏ ఈ-బైకైనా బాగానే ఉంటుందండీ. చదునైన తారు మీద మోటారు తన బలమంతా చూపిస్తుంది. సస్పెన్షన్, బ్రేకులు, టైర్లు, బైకు బరువు ఏవీ అక్కడ బయటపడవు. మీరు ఉంటున్న ఊళ్ళో డెమో బైకులు, అద్దె బైకులు దొరకడం కష్టం కాదు కాబట్టి, ఇదే మోడల్ కాకపోయినా ఇదే తరగతికి చెందిన రెండు బైకులను వేరువేరు రోజుల్లో పూటకు అద్దెకు తీసుకుని, మీకు బాగా అలవాటైన ఒకే ట్రెయిల్‌లో తొక్కి పోల్చుకోండి. కొత్త దారిలో పరీక్షిస్తే తేడా బైకుదో దారిదో తేల్చుకోలేరు.

బయలుదేరే ముందే సస్పెన్షన్‌ను మీ బరువుకు సరిచేయించుకోవాలి. ఈ పని చేయకుండా పెట్టిన పరీక్షకు నా దృష్టిలో విలువ లేదు. అద్దెకిచ్చే బైకుల సస్పెన్షన్‌లో గాలి ఒత్తిడి ముందు రోజు తొక్కినవారి బరువుకు తగ్గట్టుగా ఉండిపోవచ్చు. హెల్మెట్, నీళ్ళ సంచి, బూట్లతో సహా మీరు మామూలుగా తొక్కే వేషంలోనే బైకెక్కి, ఒకరిని హ్యాండిల్‌బారు పట్టుకోమని చెప్పి, పెడళ్ళ మీద సమంగా నిలబడి, షాక్ (వెనక సస్పెన్షన్‌లోని గాలి గొట్టం) మీది రబ్బరు రింగును సీలు దగ్గరికి జరిపించి, మళ్ళీ కుదుపు లేకుండా దిగండి. రింగు ఎంత దూరం జరిగిందో అదే శాగ్. వెనక షాక్‌లో అది స్ట్రోకులో (షాక్ అణగగల మొత్తం దూరంలో) 25 నుంచి 30 శాతం, ముందు ఫోర్కులో 15 నుంచి 20 శాతం ఉండేలా గాలిని తగ్గించడమో పెంచడమో చేయాలి. ఉదాహరణకు షాక్ స్ట్రోకు 60 మి.మీ. అయితే 30 శాతమంటే 18 మి.మీ. ఇక్కడ లెక్కలోకి తీసుకోవలసింది షాక్ స్ట్రోకునే తప్ప వెనక చక్రం కదిలే 150 మి.మీ.ని కాదు, ఈ రెండింటినీ కలగలిపేవారు చాలామంది ఉన్నారు. తరువాత రీబౌండ్ (అణగిన సస్పెన్షన్ తిరిగి లేచే వేగం) చూడండి: కాలిబాట అంచు మీద నుంచి కూర్చునే కిందికి దిగినప్పుడు వెనక భాగం ఒకసారి అణగి లేచి నిలకడకు రావాలి. రెండు మూడు సార్లు ఊగితే రీబౌండ్ మరీ వేగంగా ఉందని, వరుస రాళ్ళ మీద పోయేటప్పుడు బైకు క్రమంగా కిందికి కూరుకుపోతూ గట్టిపడితే మరీ నెమ్మదిగా ఉందని అర్థం.

ఇక ట్రెయిల్ మీద మొదటి భాగాన్ని మోటారును అతి తక్కువ మోడ్‌లో ఉంచి, కొంత దూరం పూర్తిగా ఆపేసి తొక్కండి. సీటు మీ కాళ్ళకు సరిపోతోందా, ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారిపోతోందా, చేతులు మరీ చాచవలసి వస్తోందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. మోటారు పూర్తి బలమిచ్చే టర్బో మోడ్ ఈ లోపాలన్నిటినీ కప్పిపుచ్చుతుంది. బ్యాటరీ అయిపోయిన రోజున మీరు ఇంటికి తోసుకు రావలసిన బైకు ఎలా ఉంటుందో కూడా అప్పుడే అర్థమవుతుంది.

తరువాత రాళ్ళున్న నిటారు ఎక్కుడులో సగం దూరంలో కావాలనే ఆగి, అక్కడి నుంచి మళ్ళీ బయలుదేరండి. మీ మోకాలికి అసలు పరీక్ష ఇదే. పెడల్ నొక్కిన క్షణానికీ మోటారు అందుకున్న క్షణానికీ మధ్య ఎంత జాగు ఉంది, అందుకోవడం మెత్తగా ఉందా కుదుపుతో ఉందా, ముందు చక్రం లేస్తోందా అన్నవి గమనించండి. టార్క్ అంకె వీటిలో ఏ ఒక్కటీ చెప్పదు. కాలు ఆపిన తరువాత కూడా కొన్ని మోటార్లు కొద్ది క్షణాలు తోస్తాయి. మెట్టులాంటి రాయి ఎక్కేటప్పుడు అది వరం, ఇరుకు మలుపులో అదే తలనొప్పి. ఫుల్ సస్పెన్షన్ బైకు మీద కూర్చోగానే అడుగు భాగం కిందికి దిగుతుంది కాబట్టి పెడళ్ళు రాళ్ళకు ఎక్కువగా తగులుతాయి. మీ ట్రెయిళ్ళలో రాళ్ళు చిన్నవైనా ఎడతెరిపి లేకుండా ఉంటాయి గనుక, క్రాంకు (పెడల్‌ను పట్టి ఉండే కడ్డీ) పొడవు 165 మి.మీ. లేదా అంతకంటే తక్కువ ఉన్న బైకునే నేను ఎంచుకుంటాను.

దిగుడులో చూడవలసినవి రెండు. ఒకే దిగుడును రెండు బైకులతో దిగి, చివరన రబ్బరు రింగు ఎక్కడ ఉందో చూడండి. శాగ్ సరిగా ఉండి కూడా మీకు కష్టమనిపించే దిగుడులో ట్రావెల్‌లో మూడో వంతు మిగిలిపోతోందంటే, మీరు తొక్కే తీరుకు అంత ట్రావెల్ అవసరం లేదన్నమాట. దానికోసం డబ్బు పెట్టి, దాని బరువును ప్రతి ఎక్కుడులోనూ మోయడమెందుకు? రెండోది, పొడవాటి దిగుడు చివర బ్రేకు లివర్ మొదట్లో ఉన్నంత గట్టిగానే ఉందో లేదో చూడాలి.

చివరగా, ఏ సాయమూ లేకుండా బైకును కారు ర్యాకు మీదికి ఎత్తండి. నడుముకు కుదుపు తెలుస్తోందని మీరే రాశారు కదా.

రెండో సమాధానం: బ్యాటరీ లెక్క

750 వాట్-అవర్లు ఉంటేనే చాలుతుందేమో అన్న బెంగ చాలామందికి ఉంటుంది కాబట్టి ఈ లెక్క ఇస్తున్నాను. మీరు, సామాను, మొదటి బైకు కలిపి సుమారు 107 కిలోలు అనుకుందాం. ఆ బరువును 300 మీటర్లు, అంటే దాదాపు వెయ్యి అడుగులు ఎత్తడానికి కావలసిన శక్తి 107 × 9.81 × 300 జౌళ్ళు, వాట్-అవర్లలో చెప్పాలంటే దాదాపు 87. ఇందులో కొంత మీ కాళ్ళే ఇస్తాయి. కానీ మట్టిలో టైర్ల నిరోధం, బ్రేకు వేసి మళ్ళీ వేగం అందుకోవడం, మోటారులో వేడిగా పోయేది కలుపుకుంటే అసలు ఖర్చు దీనికంటే బాగా ఎక్కువే అవుతుంది. బెంటన్‌విల్ చుట్టూ పొడవాటి కొండలు లేవు, పొట్టి ఎత్తులూ పల్లాలూ వెంటవెంటనే వస్తుంటాయి కాబట్టి ఇలా మళ్ళీ మళ్ళీ వేగం అందుకోవడమే బ్యాటరీని ఎక్కువగా తింటుంది.

మరో విధంగా చూస్తే, మోటారు సగటున బ్యాటరీ నుంచి 200 వాట్లు లాగుతున్నదనుకుంటే 400 వాట్-అవర్లు రెండు గంటలు వస్తాయి, 750 అయితే నాలుగు గంటలకు కాస్త తక్కువ. అదే టర్బోలో ఆపకుండా ఎక్కితే 400 వాట్-అవర్లు గంట కూడా నిలవకపోవచ్చు. మీరు రెండు గంటల్లో ఇంటికి చేరేవారైతే చిన్న బ్యాటరీ చాలు. బ్యాక్ 40 మొత్తం ఒకే విడతలో చుట్టాలనుకుంటే చాలదు. తేలికపాటి మోటారు తీసుకున్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: దాని బలం పెడళ్ళను వేగంగా తిప్పినప్పుడే పూర్తిగా అందుతుంది. పెద్ద గేరులో బలంగా తొక్కే అలవాటు ఉంటే ఆ మోటారు నిరాశపరుస్తుంది, పైగా ఆ అలవాటు మోకాలికీ మంచిది కాదు.

మూడో సమాధానం: నిబంధనలు

క్లాస్ 1 మాత్రమే తీసుకోండి, అంటే తొక్కితేనే సాయపడి, గంటకు 20 మైళ్ళు దాటగానే సాయం ఆపేసేది. థ్రాటిల్ (తొక్కకుండానే మోటారును నడిపే మీట) ఉంటే క్లాస్ 2, సాయం 28 మైళ్ళ దాకా ఉంటే క్లాస్ 3. మట్టి ట్రెయిళ్ళలో ఈ రెండింటికీ అనుమతి దొరకదనే అనుకోండి. జాతీయ అటవీ భూముల్లో క్లాస్ 1ను కూడా మోటారు వాహనంగానే లెక్కిస్తారు కాబట్టి, వాటికి ప్రత్యేకంగా అనుమతించిన దారుల్లోనే వెళ్ళాలి. దారి మొదట్లో ఉన్న బోర్డు తప్పక చదవండి. వేగ పరిమితిని తొలగించే పరికరాలు బిగిస్తే బైకు క్లాస్ మారిపోతుంది, వారంటీ కూడా చెల్లకుండా పోతుంది. అలాగే విద్యుత్ వ్యవస్థకు యూఎల్ 2849 అనే భద్రతా ధ్రువీకరణ ఉందో లేదో చూడండి. గ్యారేజీలో ఛార్జింగు పెట్టి నిద్రపోయేవారికి ఇది చిన్న విషయం కాదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ ధన్యవాదాలు. రెండు తరగతుల బైకులనూ అద్దెకు తీసుకుని, శాగ్ సరిచేయించి కోలర్‌లో తొక్కాను. పెద్ద బైకులో వెనక ట్రావెల్ మూడో వంతుకు పైగా మిగిలిపోయింది. ఎక్కుడు మధ్యలో ఆగి బయలుదేరేటప్పుడు తేలిక బైకు కూడా, తక్కువ గేరులో ఉంటే, మోకాలికి భారం కాలేదు. ర్యాకు మీదికి ఎత్తడంలో తేడా మాత్రం చాలా స్పష్టంగా తెలిసింది. అందువల్ల రెండో రకంవైపే మొగ్గుతున్నాను. అయితే అదే తరగతిలో వాడిన బైకు ఒకటి 3,800 డాలర్లకు అమ్మకానికి ఉంది. చూడటానికి శుభ్రంగానే ఉంది. తీసుకోవచ్చా? మరో చిన్న సందేహం: కొన్నాళ్ళకు విశాఖపట్నం తిరిగి వెళ్ళిపోతే బైకును వెంట తీసుకువెళ్ళగలనా?

నాలుగో సమాధానం: సైకిలు రిపేరు షాపులో పనిచేసే సభ్యుడు

చివరి సందేహానికి ముందు జవాబిస్తాను. బ్యాటరీని విమానంలో తీసుకువెళ్ళలేరండీ. ప్రయాణికుల సామానులో మామూలుగా 100 వాట్-అవర్ల వరకే అనుమతి, విమాన సంస్థ ఒప్పుకుంటే 160 వరకు. ఈ-బైకు బ్యాటరీ అంతకు ఎన్నో రెట్లు. పైగా భారతదేశంలో రిజిస్ట్రేషను అక్కర లేకుండా తిరగడానికి 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు అన్న పరిమితి ఉంది, మీ బైకు 32 కిలోమీటర్ల (20 మైళ్ళ) దాకా సాయపడుతుంది. వెళ్ళేటప్పుడు ఇక్కడే అమ్మేయడం మేలు.

వాడిన బైకు శుభ్రంగా ఉండటం నన్ను అంతగా ఆకట్టుకోదు. అధిక పీడనంతో నీళ్ళు కొట్టి కడిగిన బైకులే తళతళలాడుతుంటాయి, ఆ నీళ్ళే పివట్ (ఫ్రేమ్ వెనక భాగం కదిలే కీలు) బేరింగుల్లోకి దూరి గ్రీజును తుడిచేస్తాయి. సీటు వెనక భాగాన్ని పట్టుకుని చక్రం నేల మీద ఉండగానే నెమ్మదిగా పైకెత్తండి. షాక్ కదలడానికి ముందు టక్కుమని చిన్న ఖాళీ తగిలితే బేరింగులు గానీ షాక్ బుష్‌లు గానీ అరిగిపోయాయన్నమాట. తరువాత వెనక చక్రాన్ని పక్కలకు ఊపి చూడండి. వీలైతే షాక్‌లోని గాలి తీసేసి వెనక భాగాన్ని చేత్తో పైకీ కిందికీ కదిలించండి, గరగరలాడకుండా జారాలి.

బ్యాటరీ సంగతి అమ్మేవారి నోటి మాట మీద వదలకండి. ఆ మోటారు కంపెనీ అధీకృత షాపులో కంప్యూటరుకు కలిపితే ఎన్ని సార్లు ఛార్జ్ అయింది, ఎంత దూరం తిరిగింది, లోపాలేమైనా నమోదయ్యాయా అన్నవి నివేదికగా వస్తాయి. కొత్త బ్యాటరీకి వెయ్యి డాలర్లకు అటూ ఇటూ అవుతుంది గనుక, ఆ నివేదిక చూపించడానికి ఒప్పుకోని వ్యక్తి దగ్గర నేనైతే కొనను. మోటారు వారంటీ సాధారణంగా రెండేళ్ళు ఉంటుంది. మొదటి కొనుగోలు రసీదు తేదీ చూసి, అది రెండో యజమానికి వర్తిస్తుందో లేదో కూడా అడగండి. ఛార్జరు, బ్యాటరీ తాళం చెవి, కొన్న రసీదు ఈ మూడూ లేకుండా అమ్ముతున్నారంటే అది దొంగ బైకు కావచ్చు. ఫ్రేమ్ నంబరు తప్పక సరిచూసుకోండి.

చైను అరుగుదల గేజితో కొలవండి. 12 స్పీడు చైను 0.5 శాతం సాగిందంటే మార్చవలసిందే, అది దాటిపోయి ఉంటే క్యాసెట్ (వెనక చక్రం మీది గేరు పళ్ళ చక్రాలు) కూడా పోయినట్టే లెక్క. మోటారు బలం చైను మీదుగానే వెళ్ళే బైకుల్లో ఇవి మామూలు సైకిలు కంటే త్వరగా అరుగుతాయి. ఫోర్కు, షాక్ సర్వీసు ఎప్పుడు చేయించారో అడగండి: సస్పెన్షన్ తయారుచేసే ఫాక్స్ కంపెనీ వారు 125 గంటలకో ఏడాదికో ఒకసారి పూర్తి సర్వీసు చేయించమంటారు, ఆ రెండింటికీ కలిపి కొన్ని వందల డాలర్లు అవుతుంది.

బ్రేకులు నాలుగు పిస్టన్లవి, రోటర్లు (బ్రేకు డిస్కులు) 200 మి.మీ. లేదా అంతకంటే పెద్దవి ఉంటే మంచిది. రెసిన్ ప్యాడ్లు ఉంటే మెటాలిక్ ప్యాడ్లు వేయించండి, అయితే వేయించే ముందు, రోటరు మీద రెసిన్ ప్యాడ్లకు మాత్రమే అని రాసి లేదని చూసుకోవాలి. మీ దగ్గర నేలలో పదునైన చెకుముకి రాళ్ళు ఎక్కువ కాబట్టి వెనక టైరు పక్క గోడ మందంగా ఉన్నది, ట్యూబ్‌లెస్ అయి ఉండాలి. బరువు తగ్గించడానికి కంపెనీలు పల్చటి టైర్లు వేసి పంపుతుంటాయి. కొత్త బైకు కొన్నా వాటిని మార్చడానికి 150 డాలర్లు పక్కన పెట్టుకోండి.

వీటన్నిటికీ అయ్యే ఖర్చును 3,800కు కలిపి, అదే తరగతిలో నిరుటి మోడల్‌గా తగ్గింపు ధరకు అమ్మే కొత్త బైకుతో పోల్చండి. తేడా వెయ్యి డాలర్ల లోపు ఉంటే, వారంటీ కోసమైనా కొత్తదే తీసుకోమంటాను. అంతకు మించి ఆదా అవుతుంటే, బ్యాటరీ నివేదిక బాగుంటే, వాడినది తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే డబ్బు చెల్లించే ముందు బైకును ఎవరైనా మెకానిక్‌కు చూపించండి.