ఒంటరి వృద్ధుల కోసం చలికాలపు విరాళాల విందు: జరపాలా, మానాలా?

కార్యవర్గ సభ్యుడు (రీడింగ్):

సభ్యులందరికీ నమస్కారం. దీపావళికీ ఉగాదికీ ఘనంగా సభలు జరుపుకుంటున్న, ఇంగ్లండులోని మన తెలుగు సంఘం, మనం ఇల్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటున్న ఈ ఊరికి చేసింది మాత్రం చాలా తక్కువన్న మాట మొన్నటి సర్వసభ్య సమావేశంలో గట్టిగానే వినిపించింది. అందుకని డిసెంబరు రెండో శనివారం ఒక విందు ఏర్పాటు చేసి, టికెట్ల మీద, రాఫిల్ (బహుమతుల లాటరీ) మీద, చిన్నపాటి వేలం మీద మిగిలిన సొమ్మును ఒంటరిగా బతుకుతున్న వృద్ధులకు తోడుగా ఉండే స్థానిక సేవాసంస్థకు అందజేయాలన్న ప్రతిపాదన వచ్చింది. కార్యవర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు. మంచి పనికి ముహూర్తం దేనికని కొందరు, ఒంటరితనానికి డబ్బు మందు కాదని మరికొందరు వాదించారు. ఈ దేశంలో చలికాలపు విరాళాల ఆనవాయితీ కొత్తదేమీ కాదు. ఇన్నోసెంట్ అనే పండ్లరసాల సంస్థ 2003లో మొదలుపెట్టి తన సీసాలకు జనం అల్లి పంపిన బుల్లి ఉన్ని టోపీలు తొడిగి, అలా అమ్మిన ప్రతి సీసా మీద కొన్ని పెన్నీలు ఇప్పుడు ఏజ్ యూకేగా ఉన్న వృద్ధుల సేవాసంస్థకు ఇస్తూ వచ్చింది. మనం కూడా ఈ దారి పట్టడం సబబా కాదా అన్నది సభ్యులు మొహమాటం లేకుండా రాయాలని కోరుతున్నాను.

లెక్కల మాస్టారు (మిల్టన్ కీన్స్):

మొహమాటం లేకుండా రాయమన్నారు కనుక రాస్తున్నాను. నేను ఈ విందుకు వ్యతిరేకిని. వృద్ధుల మీద దయ లేక కాదు, ఖర్చుల పద్దు చూసిన అనుభవం వల్ల. హాలు అద్దె, వంటవాళ్లు, మైకు సెట్టు, బీమా, బల్లల మీద పరిచే గుడ్డల దాకా లెక్క కట్టి చూడండి. ఇరవై పౌండ్ల టికెట్టు కొన్నవారు పదిహేను పౌండ్ల బిర్యానీ, గంటన్నర సినిమా పాటలు అందుకుని వెళ్తారు; వృద్ధుడి వాటాకు మిగిలేది వాళ్లు ఆ సాయంత్రం కారు పార్కింగుకు పెట్టిన డబ్బుతో సమానం.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. ఇక్కడ ఆదాయపు పన్ను కట్టేవారు నేరుగా విరాళం ఇచ్చి గిఫ్ట్ ఎయిడ్ పత్రం మీద సంతకం చేస్తే, ప్రతి పౌండుకూ ప్రభుత్వం మరో ఇరవై అయిదు పెన్నీలు ఆ సేవాసంస్థకు జతచేస్తుంది. విందు టికెట్టుకు ఆ సౌకర్యం వర్తించదు, ఎందుకంటే అది భోజనానికి చెల్లించిన ధర అవుతుంది కానీ దానం కాదు. అదే ఇరవై పౌండ్లు ఇంట్లో కూర్చుని నేరుగా పంపితే సంస్థకు ఇరవై అయిదు చేరతాయి. కాబట్టి ఈ విందు ద్వారా మనం వృద్ధులకు ఇవ్వగలిగినదాన్ని మనమే తగ్గిస్తున్నాం. విందు చేసుకోవాలని ఉంటే శుభ్రంగా చేసుకుందాం, కానీ దానికి ముసలివాళ్ల పేరు పెట్టవద్దు.

ఆదివారం డ్రైవరు (రీడింగ్):

మాస్టారి లెక్కలో తప్పు లేదు. కానీ ఆ లెక్క విరాళం దగ్గరే ఆగిపోయింది, మనుషుల దాకా రాలేదు. నేరుగా పంపండని ఈ వేదిక మీద రాస్తే ఎంతమంది పంపుతారు? విందుకు పిలిస్తే వచ్చేవారిలో కొందరైనా ఈ పని ఏమిటో తెలుసుకుని, మరుసటి నెల కారు తాళాలు పట్టుకుని ముందుకు వస్తారు. నేనలా వచ్చినవాడినే.

ఈ పని ఎలా జరుగుతుందో తెలియనివారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. రీ-ఎంగేజ్ అనే సంస్థ ఉంది. 1965లో కాంటాక్ట్ ది ఎల్డర్లీ అన్న పేరుతో మొదలైంది. డెబ్బై అయిదు ఏళ్లు దాటి ఒంటరిగా ఉంటున్నవారిని నెలకొక ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒక వాలంటీరు ఇంటికి తేనీటికి తీసుకువెళ్లడం దాని ప్రధానమైన పని. ఆతిథ్యం ఇచ్చేవారు వేరు, కారులో తీసుకువెళ్లి దింపేవారు వేరు. వినడానికి ఇంతే. చలికాలంలో ఆచరణ వేరుగా ఉంటుంది. నేను తీసుకువెళ్లే పెద్దావిడ గంట ముందే కోటు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంటారు. బయలుదేరే ముందు గ్యాస్ పొయ్యి ఆపానా అని ఒకసారి, వెనక తలుపు గడియ పెట్టానా అని మరొకసారి లోపలికి వెళ్లి చూసుకుంటారు. ఆవిడ నడక చట్రాన్ని మడిచి డిక్కీలో పెట్టి, మెట్ల మీద పేరుకున్న మంచు మీద చెయ్యి పట్టుకుని దించి, సీటు బెల్టు పెట్టేసరికి పావుగంట దాటుతుంది. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది కనుక తిరిగి దింపినప్పుడు లోపల దీపం వెలిగించి, హీటరు పనిచేస్తోందో లేదో చూసి గాని కదలలేం. ఈ దేశంలో చాలామంది వృద్ధులు సాయంత్రం బయటికి రాకపోవడానికి కారణం పిలిచేవారు లేకపోవడం ఒక్కటే కాదు. తిరిగి చీకట్లో ఖాళీ ఇంట్లోకి అడుగుపెట్టాలన్న భయం కూడా.

వాలంటీర్లకు జీతం లేదు. నేరచరిత్ర తనిఖీ కూడా వాలంటీర్లకు ఉచితమే. మరి డబ్బు దేనికంటారా? ఏ పెద్దావిడకు ఏ డ్రైవరు దగ్గరలో ఉన్నాడో చూసి, శనివారం ఎవరికైనా జ్వరం వస్తే మరొకరిని వెతికి, కొత్తగా పేరు ఇచ్చిన వృద్ధుడి ఇంటికి వెళ్లి మాట్లాడి వచ్చే సమన్వయకర్తకు జీతం ఇవ్వాలి. ఫోన్లు, బీమా, చక్రాల కుర్చీ ఎక్కించే వీలున్న బండి అద్దె, ఇవన్నీ డబ్బుతోనే నడుస్తాయి. ఒంటరితనానికి డబ్బు మందు కాదన్నది నిజమే కావచ్చు, కానీ ఆ మందు ఇంటి గుమ్మం దాకా చేరడానికి డబ్బు కావాలి.

నా అభ్యంతరం ఒక్కటే, అది తేదీ గురించి. డిసెంబరులో అందరికీ దయ పుట్టుకొస్తుంది. స్కూళ్లు, చర్చిలు, దుకాణాలు అన్నీ ముసలివాళ్లను విందుకు పిలుస్తాయి. కొత్త సంవత్సరం వచ్చిన వారానికే ఆ హడావిడి చల్లారిపోతుంది, చలి మాత్రం ఇంకా రెండు నెలలు ఉంటుంది. చేస్తే ఫిబ్రవరిలో చేయాలి.

స్లౌ ప్రవాసి:

ఇంగ్లండు ముసలివాళ్లకు ఇక్కడి ప్రభుత్వం ఉంది, ఇక్కడి సంస్థలు ఉన్నాయి. గుంటూరులోనూ ఖమ్మంలోనూ తాళం వేసిన మూడంతస్తుల ఇళ్ల కింది వాటాలో ఒంటరిగా కూర్చున్న మన తల్లిదండ్రుల సంగతి ఎవరు చూస్తారు? వసూలైన ప్రతి పైసా అక్కడి వృద్ధాశ్రమాలకు పంపాలి.

లెక్కల మాస్టారు (మిల్టన్ కీన్స్):

అంత సులువు కాదండీ. బ్రిటన్‌లోని సంఘం విందు చేసి వసూలు చేసిన సొమ్ము భారతదేశపు చట్టం దృష్టిలో విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదైన, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ మాత్రమే దాన్ని తీసుకోగలదు. అదీ 2020 సవరణ తరువాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతా ద్వారానే. మన ఊళ్లోని చిన్న వృద్ధాశ్రమాలకు ఆ నమోదు ఉందో లేదో ముందు కనుక్కోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపుకోవచ్చు, దానికి సంఘం దేనికి?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం):

నేను మీ సంఘం సభ్యురాలిని కాను. మా అబ్బాయి రీడింగులో ఉంటాడు, వాడే ఈ చర్చ చూపించాడు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఆయన పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను.

స్లౌ నుంచి రాసిన బాబు మమ్మల్ని తలుచుకున్నందుకు సంతోషం. కానీ నాయనా, నాకు వృద్ధాశ్రమం అక్కరలేదు, విరాళమూ అక్కరలేదు. పింఛను వస్తోంది, పనిమనిషి ఉంది, వీధి చివర మందుల దుకాణం ఉంది. నాకు లేనిది వేరు. అక్టోబరు ఆఖరి ఆదివారం మీ దేశంలో గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారట. ఆ రోజు నుంచి మా వాడు ఆఫీసు ముగించుకుని ఆరింటికి ఫోను చేస్తే ఇక్కడ రాత్రి పదకొండున్నర అవుతుంది. ఎండాకాలంలో పదిన్నరకు ఎలాగో మెలకువగా ఉండేదాన్ని, చలికాలంలో నిద్ర ఆపుకోలేక చాలా రోజులు ఫోను మోగినా వినిపించదు. మార్చి ఆఖరుకు మళ్లీ గంట ముందుకు జరిగేదాకా మా మాటలు శని, ఆదివారాలకే పరిమితం. ఆ మధ్యలో సంక్రాంతి వచ్చి పోతుంది.

ఇక్కడ వృద్ధులకు 14567 అనే హెల్ప్‌లైను ఉంది. ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడతారు, పింఛను చిక్కులకూ ఆస్తి తగాదాలకూ సలహా చెబుతారు. కానీ గ్యాసు బుకింగుకు వచ్చిన ఓటీపీ ఎక్కడ కొట్టాలో చూపించి, కాసేపు కూర్చుని, పోయినవారం తిన్న సొరకాయ పులుసు గురించి మాట్లాడేందుకు ఒక మనిషి కావాలి. ఆ మనిషిని మీరు రీడింగు నుంచి డబ్బు కట్టి పంపలేరు. అక్కడి ముసలావిడకు మా అబ్బాయి ఆ మనిషి కాగలడు. మీ విందు గురించి నాకు అభిప్రాయం లేదు, కానీ వాడు ఆ ఆదివారం కారు పని చేస్తానంటే నేను సంతోషిస్తాను.

క్రాయిడన్ కోడలు:

అమ్మగారికి నమస్కారం. మీరు రాసింది చదివాక ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 2012 జూలైలో ఇక్కడి ప్రభుత్వం వీసా నిబంధనలు బిగించిన తరువాత తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకోవడం దాదాపు అసాధ్యమైపోయింది. రోజువారీ పనులకే మరొకరి చేయి కావాలి, ఆ సేవ స్వదేశంలో దొరకదని కూడా రుజువు చేయాలి. అందుకే అందరం ఆరు నెలల సందర్శక వీసా మీద పిలిపిస్తున్నాం, అదీ చాలాసార్లు పురుళ్ల కోసం. పోయిన చలికాలం మా అత్తగారు అలాగే వచ్చారు. నాకు సెలవు అయిపోయి ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక, పసివాడు నిద్రపోయిన వేళల్లో ఆవిడ వంటింటి కిటికీలోంచి ఎదురింటి గోడను చూస్తూ కూర్చునేవారు. ఎముకలు కొరికే చలి, వీధిలో మనిషి కనిపించడు, టీవీ భాష అర్థం కాదు. ఒంటరి వృద్ధులంటే తెల్లజాతివారే కానక్కరలేదు, మన ఇళ్లలో పగటిపూట మూసి ఉన్న తలుపుల వెనకా ఉన్నారు.

కాబట్టి విందు జరపండి, కానీ వృద్ధులు లేని విందు జరపవద్దు. వేదిక మీద వాళ్ల ఫోటోలు వేసి, కింద మనం తినడం నాకు నచ్చదు. వాళ్లను పిలవండి. వచ్చినప్పుడు చెక్కు పట్టించి ఫోటో తీయవద్దు.

హక్కుల పక్షం (మాంచెస్టర్):

అందరూ చారిటీ చుట్టూనే తిరుగుతున్నారు. 2024లో ప్రభుత్వం వృద్ధులకు చలికాలంలో ఇచ్చే ఇంధన భత్యాన్ని ఇంగ్లండు, వేల్సుల్లో పెన్షన్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకిచ్చే భత్యం) వంటి సాయం పొందేవారికే పరిమితం చేసినప్పుడు ఎంత గొడవ జరిగిందో గుర్తుందా? ఆ గొడవ వల్లే మరుసటి ఏడాది ఏటా ముప్ఫై అయిదు వేల పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవారికి దాన్ని పునరుద్ధరించారు. ఎనభై లోపు వారుంటే ఇంటికి రెండు వందలు, ఎనభై దాటినవారుంటే మూడు వందల పౌండ్లు. దేశంలోని విందులన్నీ కలిపినా అంత సొమ్ము పంచలేవు. ఒంటరితనం మీద జో కాక్స్ కమిషన్ ఇచ్చిన నివేదిక తరువాత 2018లో ఒంటరితనానికంటూ ఒక మంత్రినే నియమించిన దేశం ఇది. విందు పెట్టే శ్రమతో స్థానిక ఎంపీకి వంద ఉత్తరాలు రాయించండి.

ఆదివారం డ్రైవరు (రీడింగ్):

ఉత్తరాలు తప్పక రాద్దాం, మొదటి సంతకం నాది. అయితే మూడు వందల పౌండ్లతో గది వెచ్చబడుతుంది కానీ గదిలోకి మరో మనిషి రాడు. మంత్రి పదవి ఏర్పడిన ఏళ్లలోనూ ఆ పెద్దావిడ గ్యాస్ పొయ్యి ఆపిందో లేదో చూసినది పక్కింటివాళ్లే. రెండూ వేర్వేరు పనులు, ఒకటి చూపించి మరొకటి ఆపవద్దు.

కార్యవర్గ సభ్యుడు (రీడింగ్):

ఇప్పటిదాకా వచ్చిన అభిప్రాయాలను బట్టి ప్రతిపాదనను ఇలా మార్చి కార్యవర్గం ముందు పెడుతున్నాను. తేదీ ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం. హాలు బదులు సంఘం తెలుగు బడి నడిపే గదులు, వంట సభ్యుల ఇళ్లలో. టికెట్టు ఉండదు, గుమ్మం దగ్గర గిఫ్ట్ ఎయిడ్ కవర్లు ఉంటాయి, ఇవ్వాలనుకున్నవారు ఇస్తారు. స్థానిక సంస్థ ద్వారా వచ్చే వృద్ధులూ, వీసా మీద వచ్చి మన ఇళ్లలో ఉన్న అమ్మానాన్నలూ అతిథులు. సాయంత్రం నాలుగు కాకముందే అందరినీ ఇళ్లకు చేర్చాలి.

లెక్కల మాస్టారు (మిల్టన్ కీన్స్):

ఇది మొదటిదానికన్నా మెరుగే, అయినా నా సందేహం పూర్తిగా తీరలేదు. టికెట్టు తీసేసి గుమ్మం దగ్గర కవర్లు పెడితే మొహమాటానికి ఐదు పౌండ్లు వేసి వెళ్లేవారే ఎక్కువ ఉంటారు, అప్పుడు సమన్వయకర్త జీతంలో మన వాటా ఏమిటి? పైగా ఇంటి వంట తెస్తే అందులో వేరుశనగ, జీడిపప్పు, నెయ్యి ఉన్నాయో లేదో ప్రతి గిన్నె మీదా రాసి పెట్టాలి. ఎనభై ఏళ్ల అతిథికి పడనిది తగిలితే ఎవరు బాధ్యులు? డ్రైవర్లుగా ఎవరెవరు వస్తారో, వాళ్ల కారు బీమా స్వచ్ఛంద సేవకు వర్తిస్తుందో లేదో కనుక్కుని, పేర్లు ఇక్కడే రాసిన తరువాత నేను ఓటు వేస్తాను.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం):

మా అబ్బాయి పేరు రాసుకోండి. బీమా సంగతి వాడే కనుక్కుంటాడు.