డచ్ డ్యుకాట్ మీది బాణాల కట్ట: ఐక్యతకు గుర్తా, వ్యాపార ముద్రా?

పాతనాణెం:
1586 నుంచి డచ్ ప్రావిన్సులు (నేటి నెదర్లాండ్స్) కొట్టించిన బంగారు డ్యుకాట్ మీద కవచం తొడిగిన యోధుడు ఉంటాడు. ఒక చేతిలో కత్తి, రెండో చేతిలో బాణాల కట్ట. చుట్టూ లాటిన్‌లో ‘కలిసుంటే చిన్నవీ పెరుగుతాయి’ అని. దీన్ని ఏడు ప్రావిన్సుల ఐక్యతకు గుర్తంటారు. నేను ఒప్పుకోను. వెనకవైపు ‘సామ్రాజ్య చట్టం ప్రకారం’ అని ఉంది. 1581లోనే రాజును వదిలేసుకున్నవాళ్లు ఈ మాట ఎందుకు రాసినట్టు? బయటి వ్యాపారులు తీసుకోవాలనే.

గోదారిగట్టు:
మీరు రెండు విషయాలు కలిపేశారండీ. వాళ్లు వదులుకున్నది స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌ను. ఆ చట్టం జర్మన్ రాజ్యాల కూటమి అయిన పవిత్ర రోమన్ సామ్రాజ్యానిది. 1559లో ఆగ్స్‌బర్గ్‌లో డ్యుకాట్ ప్రమాణం ఖరారు చేసింది అదే. అది మేలిమికి హామీ, విధేయత కాదు.

మేలిమి:
నాకు డ్యూట్లే, అంటే వాళ్ల రాగి చిల్లర నాణేలే, ఎక్కువ చెబుతాయి. వాటి మీద ఏ ప్రావిన్సు చిహ్నం దానిదే. సముద్రతీర ప్రావిన్సు జీలండ్ డ్యూట్ మీద అలల్లోంచి పైకి లేస్తున్న సింహాన్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. సముద్రంతో పోరాడి నేల నిలబెట్టుకున్నవాళ్లకు అంతకన్నా తగిన బొమ్మ ఏముంటుంది? డ్యుకాట్ మీద కూడా ‘హోల్’ అని హాలండ్, ‘ట్రా’ అని (లాటిన్ పేరును బట్టి) ఉట్రెక్ట్ తమ పేరు వేసుకున్నాయి. 1579 నాటి ఉట్రెక్ట్ ఐక్యతా ఒప్పందం వాళ్లను కలిపింది కానీ ఒక్కటిగా కరిగించలేదు.

పాతనాణెం:
గోదారిగట్టు గారూ, చట్టం సంగతిలో తొందరపడ్డాను, నిజమే. కానీ 18వ శతాబ్దంలో రష్యా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇదే డ్యుకాట్‌ను బాణాలతో సహా గుట్టుగా కొట్టించింది. రష్యాకు ఏడు ప్రావిన్సులతో పనేముంది?

గోదారిగట్టు:
రష్యాకు కావలసింది ఆ నాణేనికున్న నమ్మకం. ఇన్ని టంకశాలలు ఒకే బొమ్మకు, ఒకే మేలిమికి కట్టుబడబట్టే కదా ఆ నమ్మకం పుట్టింది! అది ఐక్యత కాకపోతే మరేమిటి?

మేలిమి:
బంగారంలో కట్టుబడ్డారు, వెండిలో కాదు. కొన్ని టంకశాలలు నాసిరకం వెండి నాణేలు వదిలితే, 1693లో 28 స్టైవర్ల (స్టైవర్ డచ్ వాళ్ల చిన్న నాణెం) వెండి నాణేలను పరీక్షించి, నిలిచినవాటి మీద చిన్న ముద్ర కొట్టాల్సి వచ్చింది. ఆ ముద్రల్లో ఒకటి ఈ బాణాల కట్టే.