బిష్కెక్ వస్తున్న తమ్ముళ్లకు: ‘ఓన్’ అంటే ‘అతను’ ఒక్కటే కాదు

ప్రశ్న: అన్నా, ఎంబీబీఎస్‌కి వచ్చే నెల ఖమ్మం నుంచి కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ వస్తున్నా. రెండు నెలలు రష్యన్ నేర్చుకున్నా, చదవడం వచ్చేసింది. సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, అక్షరాలు వచ్చాయంటే సగం టెన్షన్ తీరినట్టే. కానీ ఇక్కడివాళ్ల సొంత భాష కిర్గిజ్ కూడా అదే లిపిలో రాస్తారు. ‘ఓన్’ అనే మాటే చూడు. రెండే అక్షరాలు: ఒక సున్నా, పక్కన ఇంగ్లిష్ పెద్ద హెచ్‌లా ఉండే ‘న్’. రష్యన్‌లో ‘అతను’. కిర్గిజ్‌లో పది.

వార్డుకి వెళ్లిన కొత్తలో ఒక పెద్దావిడ కేస్ హిస్టరీ రాస్తున్నా. దగ్గు ఎన్నాళ్లనుంచి అని రష్యన్‌లో అడిగితే ‘ఓన్ క్యున్’ అంది. నా చెవికి ‘అతను’ అనే పడింది. ఎవరతను అని అడిగా. మళ్లీ అదే మాట. చివరికి దుప్పట్లోంచి రెండు చేతులూ తీసి పది వేళ్లూ చాపింది. ‘క్యున్’ అంటే రోజు. పది రోజుల దగ్గు! ఆ చేతులు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి. రోగి చెప్పే రోజుల లెక్క తప్పితే మనం రాసేదంతా తప్పే. అందుకే చెబుతున్నా, విమానం ఎక్కేలోపు కిర్గిజ్ అంకెలు నూరు దాకా నోటికి వచ్చేలా చూసుకో.

ఓష్ బజార్‌లోనూ అంతే. ‘జ్యుజ్ ఓన్ సోమ్’ అంటే నూట పది సోమ్‌లు (సోమ్ ఇక్కడి కరెన్సీ), ‘ఓన్ బెష్’ అంటే పదిహేను. తర్వాత వచ్చే మాట పట్టుకుంటే అర్థం తెలిసిపోతుంది. సెలవుల్లో పక్కనున్న కజకిస్తాన్‌లోని అల్మాటీ వెళ్లినా, అక్కడి కజఖ్ భాషలోనూ ‘ఓన్’ అంటే పదే. తజిక్ క్లాస్‌మేట్ దొరికితే వాళ్లకి ‘ఆ’ అని: ‘ఓన్ కితోబ్’ అంటే ఆ పుస్తకం. సెర్బియన్‌లో మాత్రం రష్యన్‌లాగే ‘అతను’.

ఇంకో జవాబు: నేను మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో పనిచేస్తున్నా. మంగోలియన్‌లో ‘ఓన్’ అంటే సంవత్సరం. 2025 రాసి పక్కన ఈ మాట పెడతారు. మన ‘ఏడు’ కూడా ఇంతే కదా, ఒకచోట అంకె, ‘వచ్చే ఏడు’ అంటే సంవత్సరం. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఫారంలో ‘ఓన్’ అని ఖాళీ గడి కనబడితే అక్కడ సంవత్సరం రాయండి.